మజిలీ లేని మార్గము

2024వ సంవత్సరము జనవరి 2వ తేదీన హైదరాబాదు నగరమందలి పెట్రోలు బంకుల యెదుట వాహనములు వీధిమలుపులు దాటి బారులు తీరి నిలిచిన దృశ్యమును పాఠకులు మరచియుండరు. ప్రమాదము జరిపి, ఆ సంగతి అధికారులకు తెలుపకయే పారిపోయిన డ్రైవరునకు పదియేండ్ల వరకు కారాగారశిక్ష విధింపవచ్చునను నూతన న్యాయసంహితలోని నిబంధనను నిరసించుచు, దేశమున పలుతావుల లారీ డ్రైవర్లును, ట్యాంకరు డ్రైవర్లును బండ్లు నిలిపివేసిరి. రెండు దినములు గడచునప్పటికి పట్టణవాసులకు కంగారు పుట్టెను. ఢిల్లీలో మంతనములు జరిగెను. లారీ సంఘములవారితో సంప్రదింపక ఆ నిబంధనను అమలుపరుపమని ప్రభుత్వమువారు మాట యిచ్చిరి, బండ్లు కదలెను, మనమును ఆ సంగతిని మరచితిమి. ఆ నిబంధన యొక్క ఉచితానుచితములను నేడు చర్చింపబోము. మాకు తోచినది వేరొకటి. అతడు బండి నిలిపిన ఆ రెండు దినములును దేశమంతయు అతనిని గురించియే మాటలాడెను. ప్రతి రాత్రియు అతడు బండి ఎచ్చట నిలుపుచున్నాడో, నిలుపుటకు అతనికి చోటున్నదో లేదో అడిగినవారు మనలో ఎందరు?

గుంటూరు యార్డునుండి మిరప బస్తాలు ఉత్తరదేశమునకు పోవుచున్నవి. కైకలూరు, ఆకివీడు, భీమవరము ప్రాంతముల చెరువులలో పట్టిన చేపలు మంచుగడ్డల నడుమ హౌరాకును, అస్సామునకును పోవుచున్నవి. నూజివీడు మామిడి, గూడూరు నిమ్మ, తాండూరు నాపరాయి, ఇవి యన్నియు ఒకనాటి ప్రయాణముతో తీరునవి కావు. ఇచ్ఛాపురమునుండి తడ వరకు మన తీరమంతయు దిగివచ్చు 16వ నంబరు రహదారి మీదను, ఆదిలాబాదున ప్రవేశించి కర్నూలు, అనంతపురములు దాటి బెంగుళూరు పోవు 44వ నంబరు రహదారి మీదను అర్ధరాత్రి నిలుచుండి చూచినవానికి, దేశము నిద్రించుచున్నదను మాట సత్యము కాదని తెలియగలదు. పట్టణమునందు మనము తెల్లవారి లేచి తెచ్చుకొను కూరగాయయు, మందుసీసాయు, ఈ పత్రిక ముద్రించిన కాగితమును రాత్రి యెవడో మేలుకొనియుండుటచేతనే మన చేతికి వచ్చుచున్నవి.

మన భాషలో 'మజిలీ' అను చక్కని మాట కలదు. నడచినంత దూరము నడచి, పొద్దుగ్రుంకువేళకు బండి విప్పి, పొయ్యి రాజేసి, వండుకొని, పండుకొను చోటు మజిలీ. కాశికి పోవు బాటసారులకు మజిలీకొక కథ చొప్పున కూర్చి మధిర సుబ్బన్న దీక్షితులుగారు వ్రాసిన గ్రంథమును పఠనమందిరములందు చదువని వారుండరు. ప్రయాణమనగా నడకయు, మజిలీయు రెండును కలిసినదని పూర్వులు ఎరుగుదురు. అశోకుడు బాటల వెంట మర్రిచెట్లు నాటించితిననియు, నూతులు త్రవ్వించితిననియు, విశ్రమించు తావులు కట్టించితిననియు రాతిస్తంభముపై చెక్కించుకొనెను. షేర్ షా రెండేసి క్రోసుల కొక సరాయి కట్టించెనని చరిత్రకారులు చెప్పుచున్నారు. గోదావరి లంకలలో, వేళగాని వేళ గుమ్మమున నిలిచిన బాటసారికి విసుగక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు మన యింటింట నేటికిని నిలిచియున్నది. ఇవన్నియు కేవలము దాతృత్వమునకు నిదర్శనములని కొందరనవచ్చును. మేమట్లు తలపము. దీనికి మోటుపల్లి శాసనమే సాక్షి.

కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవునందు వేయించిన ఆ శాసనమునకు అభయశాసనమని పేరు. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును తొల్లి రాజులు అపహరించుచుండిరనియు, తాను నియతమైన సుంకము తప్ప వేరొండు గైకొననియు ఆయన అందు ప్రకటించెను. సుంకమును, అభయమును ఒకే రాతిమీద చెక్కబడినవి! సుంకము గొన్నవాడు వర్తకుని సరకునకును, ప్రాణమునకును పూచీపడవలెనను న్యాయము మన తీరమున దాదాపు ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే వ్రాతపూర్వకముగా నున్నది. ఆ మోటుపల్లికి పడమట నేడు 16వ నంబరు రహదారి పోవుచున్నది. దానిమీద టోల్‌గేటులు కలవు; సుంకము కలదు. అభయమెక్కడ?

మొన్న నొక రాత్రి మేము ప్రయాణము చేయుచు ఒక పట్టణపు బైపాసు చివర టీకొట్టు వద్ద దిగితిమి. రోడ్డు అంచున పదునైదిరువది లారీలు వరుసగా నిలిచియున్నవి. వెనుక దీపములు కొన్నిటికే వెలుగుచున్నవి. ఒక లారీ క్రింద, ముందు చక్రముల నడుమ, గోనెపట్టా పరచుకొని ఒక నడివయస్సు మనిషి ఒత్తిగిలి పండుకొనియున్నాడు. కన్నులు మాత్రము తెరచియే యున్నవి. "ఏమయ్యా, లోపల పరుండరాదా?" యని యడిగితిమి. "లోపల ఇంజను వేడండీ, కాళ్ళు కాలిపోతాయి. పైగా లోపల పడుకుంటే ట్యాంకు దగ్గర ఎవడొచ్చాడో తెలీదండీ. పోయిన నెల్లో డీజిలు లాగేశారు. జీతంలో కోసుకున్నారు," అనెను. "ముందు బంకులో నిలుపుకొనరాదా?" యనగా, నవ్వి, "డీజిలు కొట్టించుకుంటే గంటసేపు ఉండనిస్తారండీ. తెల్లార్లూ అంటే ఒప్పుకోరు," అని బదులు చెప్పెను. అతని బండిలో మిరప బస్తాలున్నవి. టార్పాలిను కోసి బస్తాలు లాగుకొనుట ఆ దారిలో క్రొత్త కాదట. దిగుమతి చోట ఒక బస్తా తగ్గినను అది కిరాయిలోనో, బత్తాలోనో కోతపడును. ఇరువది టన్నుల పరుల ధనమునకు ఒంటరి కాపలాదారుడై, కన్నుమూయుటకు భయపడుచు పండుకొనుటను నిద్ర యనవచ్చునా?

ఈ మనిషికి చట్టము లేకపోలేదు. 1961వ సంవత్సరమున పార్లమెంటువారు మోటారు రవాణా కార్మికుల చట్టమును చేసిరి. దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు పని; ఐదు గంటలు వరుసగా పనిచేసిన పిమ్మట అరగంటకు తక్కువ కాకుండ విశ్రాంతి; రాత్రి ఆగవలసిన ప్రతి తావునను యజమాని విశ్రాంతి గదులనో, తగిన వేరు వసతినో ఏర్పరుపవలెను. చదువుటకు ఎంతో చక్కగా నున్నది! కాని ఆ చట్టము ఐదుగురు మొదలు అంతకు పైబడిన కార్మికులున్న సంస్థలకే వర్తించునని అందే కలదు. ఒక లారీయో, రెండు లారీలో కల యజమానులే మన దేశమున వేలకు వేలు. అప్పుచేసి లారీ కొని, తానే డ్రైవరై తిరుగువాడు తనకు తానే విశ్రాంతి గది కట్టుకొనునా? తరువాత 2020లో ఈ చట్టమును మరి పండ్రెండు చట్టములతో గూర్చి ఒకే స్మృతిగా చేసిరి. 2025 నవంబరు 21వ తేదీనుండి అది అమలునకు వచ్చినది. పూర్వము ఐదుగురని యున్నచోట అందు పదిగురని యున్నది. గొడుగు క్రొత్తదే గాని దాని నీడ మునుపటికంటె చిన్నదైనది.

ఎనిమిది గంటల లెక్కనే కొంచెము పరీక్షింతము. 2020లో సేవ్‌లైఫ్ అను సంస్థవారు దేశమున పలు రవాణా కేంద్రములలో డ్రైవర్లను విచారించి ప్రకటించిన నివేదికనుబట్టి, డ్రైవరు సగటున దినమునకు 12 గంటలు శ్రమించి 417 కిలోమీటర్లు నడుపుచున్నాడు. అనగా గంటకు సుమారు ముప్పదియైదు కిలోమీటర్లు. ఆ వేగముతో చట్టము చెప్పిన ఎనిమిది గంటలు నడిపినచో దినమునకు 280 కిలోమీటర్లు సాగును. ఆకివీడునుండి హౌరాకు వేయి కిలోమీటర్లకు మించిన దూరము; ఒక్కడు చట్టప్రకారము నడిపినచో నాలుగు దినములు పట్టును. మంచులో పెట్టిన చేప నాలుగు దినములాగునా? హౌరా మార్కెటు వర్తకుడు ఆగునా? ఆగరని ఎక్కించినవానికి తెలియును, దింపుకొనువానికి తెలియును, లారీ యజమానికి తెలియును. తెలిసియు ఒక్కని చేతికే తాళము చెవి యిచ్చుచున్నారు. నిద్ర వచ్చుచున్నను నడుపుచున్నామని ఆ విచారణలో దాదాపు సగముమంది డ్రైవర్లు ఒప్పుకొనిరన్న, వారు సత్యము పలికిరని మెచ్చుకొనవలసినదే గాని ఆశ్చర్యపడవలసినది లేదు.

గడచిన కొన్ని యేండ్లలో లారీ ప్రయాణమునకు అడ్డములెన్నో తొలగినవి. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను రాగా, రాష్ట్రముల సరిహద్దులందలి పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేయబడినవి. 2018 జూలైలో లారీ ఇరుసుపై మోపదగిన బరువు పెంపబడినది. 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగు నిర్బంధమై టోల్‌గేటు వద్ద నిలుచు కాలము తగ్గినది. ఇవన్నియు వర్తకమునకు మేలే, మేము కాదనము. కాని చెక్‌పోస్టు వరుసలో రెండు మూడు గంటలు నిలిచిన కాలమున, ఎంత విసుగైనను, డ్రైవరు స్టీరింగుపై తలవాల్చి ఒక కునుకు తీసెడివాడు. ఆ కునుకును కూడ మనము వేగమను పద్దులో జమకట్టుకొంటిమి. ఇంతకంటె విచారకరమైనది మరొకటి. జాతీయ పర్మిటు గల లారీలో ఇద్దరు డ్రైవర్లుండవలెననియు, రెండవవాడు కాళ్ళు చాచి నిద్రించుటకు వెనుక వెడల్పైన సీటుండవలెననియు కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోనే యుండెడిది. 2018 నవంబరులో ఇద్దరు డ్రైవర్ల నిర్బంధమును తొలగించిరి. ఆ నియమము పూర్తిగా పాటింపబడెనని మేము చెప్పబోము; క్లీనరునే రెండవ డ్రైవరుగా చూపినవారు కలరు. అయినను నియమము కాగితముపై నున్నంతకాలము అడుగుటకొక ఆధారముండెడిది. ఒకే సంవత్సరమున బరువు పెంచి, మనిషిని తగ్గించితిమి. తగ్గిన మనిషికి బదులు ఒక మంచమైనను వేయలేదు.

నిద్రను గెలువవచ్చునని తలచుట భ్రమ. పదునేడు గంటలు వరుసగా మేలుకొనియున్న మనుజుని చేతులును, చూపును, రక్తమున నూటికి 0.05 వంతు మద్యము కలవాని వలెనే తడబడునని 1997లో 'నేచర్' పత్రికలో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన చట్టము సైపదగినది 0.03 మాత్రమే. అనగా తెల్లవారి ఐదు గంటలకు లేచి రాత్రి పది దాటినను నడుపుచున్న డ్రైవరు, ఒక్క చుక్క ముట్టకున్నను, చట్టము ఒప్పని మత్తులో నున్నవానితో సమానుడు. మద్యమును కొలుచుటకు పోలీసుల యొద్ద యంత్రమున్నది; నిద్రలేమిని కొలుచుటకు లేదు. మన ఆంధ్రప్రదేశమున పోలీసువారు తెల్లవారుజామున లారీలనాపి, డ్రైవర్లచే ముఖము కడిగించి, టీ యిచ్చి పంపు పద్ధతి కొన్నితావుల నడచుచున్నది. ఆ పోలీసుల సద్బుద్ధిని మేము కొనియాడుచున్నాము. చలిలో నిలుచుండి పరునికి నీరందించుట చిన్న పని కాదు. కాని ముఖము కడిగిన నీరు పావుగంటలో ఆరిపోవును. నిద్ర కావలసినవానికి నీరిచ్చి పంపుట, ఆకలిగొన్నవానికి విసనకర్ర యిచ్చుట వంటిది. ఆపినచోటనే రెండు గంటలు పరుండుమని చెప్పుటకు ఆ కానిస్టేబులునకు మాత్రము చోటేది?

ప్రభుత్వమువారు ఏమియు చేయలేదనుట అన్యాయము. రహదారుల వెంట నలువది మొదలు అరువది కిలోమీటర్ల కొకటి చొప్పున బాటసారుల వసతులు ఏర్పరుపవలెనని 2021లో సంకల్పించిరి. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ఢిల్లీలోని వాహన ప్రదర్శనమున, జాతీయ రహదారులపై డ్రైవర్ల కొరకు తొలివిడత వేయి విశ్రాంతి భవనములు కట్టింతుమని ప్రకటించెను. అదే సంవత్సరము అక్టోబరులో 'హంసఫర్' అను పేర మరియొక విధానము వెలువడినది. ప్రభుత్వ చమురు సంస్థలవారు తమ బంకులు కొన్నింట 'అప్నా ఘర్' అను పేర మంచములు, స్నానపుగదులు, వండుకొను తావులు ఏర్పరచియున్నారు. 2025 అక్టోబరు 1 మొదలు తయారగు మధ్యతరగతి, భారీ లారీలన్నిటి కేబినులకును ఏసీ ఉండవలెనని నియమము చేసిరి. రోహిణికార్తెలో ఒంగోలు, నెల్లూరు దారిన లారీ కేబినులో కూర్చున్నవారికి దాని విలువ తెలియును. ఇవి యన్నియు మంచి పనులు. చమురు సంస్థలు పెట్టిన మంచముపై పరుండి లేచిన డ్రైవరు వారిని దీవించుననుటలో సందేహము లేదు.

అయినను ఈ యేర్పాట్ల రూపమును చూడగా మాకొక అనుమానము కలుగుచున్నది. రహదారి వసతియనగానే నేటి కంట్రాక్టరు కన్నులకు తోచునది కారు; కారులో వచ్చు కుటుంబము; వారు కొను కాఫీయు, పిల్లల బొమ్మలును. ఎదుట అద్దాల అంగడి, తళతళలాడు నేల, కార్లకు గీతలు గీసిన చోటు. లారీ పోవలసినది వెనుకకు. ఆ వెనుక నేల చదును చేయబడదు, దీపముండదు, ప్రహరీ యుండదు. భోజనపు ధర డ్రైవరు బత్తాకు అందదు. అట్టి చోట లారీ నిలుపుటకంటె తనకు తెలిసిన ధాబా వాని ముంగిటనే మేలని అతడు తలచిన తప్పేమి? కాని సుంకమెవ్వరు ఎక్కువ యిచ్చుచున్నారు? 2008 నాటి టోలు నియమములలో కిలోమీటరునకు కారుకు అరువదియైదు పైసలు మూలధరగా నిర్ణయింపగా, రెండిరుసుల లారీకి రెండు రూపాయల ఇరువది పైసలు నిర్ణయించిరి. ఇరుసులు పెరిగినకొలది ఇంకను ఎక్కువ. 2023-24వ సంవత్సరమున దేశమున వసూలైన టోలు అరువదినాలుగు వేల కోట్ల రూపాయలకు మించినది. ఇందు లారీల భాగమేపాటిదో పాఠకులే ఊహింపగలరు. మూడు రెట్లకు పైగా సుంకమిచ్చువాడు పెరటిలోనికి, తక్కువ యిచ్చువాడు చావడిలోనికి అనుట ఏ ధర్మము?

పాశ్చాత్యులు సయితము ఈ విషయమున పూర్తిగా గెలిచినవారు కారు. ఐరోపా సమాఖ్యలో డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపిన పిమ్మట ముప్పాతిక గంట ఆగవలెను. దినమునకు తొమ్మిది గంటలు, వారమునకు రెండుసార్లు మాత్రము పది గంటలు నడుపవచ్చును. వారపు పూర్తి విశ్రాంతిని లారీ కేబినులో తీసికొనుట నిషేధము. ఈ నియమములు వ్రాసిన తరువాతనే నిలుచుటకు చోటు చాలదని వారికి తెలిసివచ్చినది. భద్రమైన చోట్లు లక్షవరకు తక్కువైనవని 2019లో వారి విచారణయే తేల్చినది. అందుచే కంచె, దీపము, కావలి, స్నానపుగది మొదలగువాని ననుసరించి విడిది స్థలములకు కంచు, వెండి, బంగారము, ప్లాటినము అని నాలుగు తరగతులు 2022లో ఏర్పరచిరి. ముఖ్యమైన మార్గములపై నూటయేబది కిలోమీటర్లకొకటి చొప్పున భద్రమైన విడిది 2040 నాటికి ఉండితీరవలెనని 2024లో శాసించిరి.

అమెరికాలో నొక చట్టమునకు 'జేసన్ చట్టము' అని పేరు. జేసన్ అను లారీ డ్రైవరు 2009 మార్చిలో దక్షిణ కరోలినాలో, సరకు దింపవలసిన వేళకు ముందుగా చేరి, నిలుచుటకు వేరు చోటు లేక, పాడుపడిన యొక పెట్రోలు బంకులో బండి నిలిపి నిద్రించెను. దొంగ అతనిని కాల్చి చంపి తీసికొనిపోయినది ఏడు డాలర్లు. అతని భార్య ఊరూర తిరిగి మొరపెట్టగా, 2012లో లారీ విడిదుల కొరకు ప్రభుత్వధనము వెచ్చించుటకు వీలుగా శాసనము వచ్చినది. అంతటి సంపన్నదేశమున ఒక్క డ్రైవరు చావు శాసనమునకు కారణమైనది. మన దారులలో అట్లు పోయినవారి పేర్లు మరునాటి పత్రికలో ఒక మూల నాలుగు పంక్తులుగా వచ్చి అంతతో సమసిపోవుచున్నవి. పత్రికలవారమైన మేమును అందులకు బాధ్యులమే.

చోటు లేని లారీ రోడ్డు అంచుననే నిలుచును. ఆ నిలిచిన లారీని వెనుకనుండి వచ్చినవారు ఢీకొనుట మనకు నిత్యవార్తయైనది. 2025 నవంబరులో రాజస్థానమున ఫలోడీ సమీపమున నిలిచియున్న ట్రెయిలరును యాత్రికుల వాహనము ఢీకొని పదునైదుగురు మరణించిరి. సుప్రీంకోర్టువారు దీనిని తమంతట తామే విచారణకు గైకొని, రహదారుల ప్రక్కన అనుమతి లేని ధాబాలెన్నియో లెక్క తెలుపుమని అధికారులనడిగిరి. న్యాయమూర్తుల ఆవేదన సర్వథా సమంజసము. కాని మాకొక భయము కలదు. లెక్క కోర్టునకు చేరును. పిమ్మట బుల్‌డోజరులు ధాబాలకు చేరును. మంచము వేసి, పప్పును రొట్టెయు పెట్టి, నూతినీరు తోడుకొని స్నానము చేయనిచ్చు ఆ ధాబా, ఎంత అక్రమమైనను, నేడు డ్రైవరునకు మిగిలిన యొకే మజిలీ. దానిని పడగొట్టుటకు ముందు దానికి బదులుగా దీపమును, ప్రహరీయును గల విడిదిని అచ్చటనే తెరువవలెను. లేనిచో ధాబా ముంగిట నిలిచిన లారీ కొంచెము ముందు చీకటిలో నిలుచును. లారీలు ఆగుటకు రోడ్డునుండి విడిగా ప్రత్యేక స్థలములుండవలెనని నాలుగు వరుసల రహదారులకు భారత రోడ్ల కాంగ్రెసువారు ప్రచురించిన ప్రమాణ గ్రంథముననే కలదు. కట్టినవెన్ని, కట్టినవానిలో దీపము వెలుగునవెన్ని, టీకొట్లు ఆక్రమించినవెన్ని యను లెక్కను కూడ ధాబాల లెక్కతోపాటు కోర్టువారు తెప్పించుకొందురుగాక.

యజమాని చిన్నవాడై విశ్రాంతి గది కట్టలేనప్పుడు ఆ బాధ్యత రోడ్డుమీదనే పడవలెనని మా దృఢాభిప్రాయము. రోడ్డనగా తారును, గీతలును మాత్రమే కాదు. విడిది అందులో భాగము. వంతెన లేని రోడ్డునకు టోలు వసూలు చేయనిత్తుమా? విడిది లేని రోడ్డునకు మాత్రము ఏల చేయనియ్యవలెను? టోలు కాంట్రాక్టు వ్రాయునాడే, ఇన్ని కిలోమీటర్లకొక ప్రహరీ గల లారీ విడిది తెరచి, రాత్రంతయు దీపమును, కావలియు ఉంచిననే గాని వసూలు మొదలిడరాదని షరతు చేర్చవలెను. టోలు చెల్లించిన లారీకి ఆ రాత్రి అచ్చట నిలుచుటకు వేరు రుసుము ఉండరాదు. లోపల పోయిన డీజిలునకును, బస్తాకును విడిది నడుపువాడే పూచీపడవలెను. ఈ యొక్క పూచీయే డ్రైవరును కన్నుమూయనిచ్చును. పరుపు మెత్తదనము తరువాతి మాట. ఇక చేపల లారీ వంటి ఆగరాని సరకుల విషయమున, ఎక్కించు వర్తకునకును బాధ్యత యుండవలెను. ఒక్క డ్రైవరు చట్టప్రకారము చేర్చలేని గడువును బిల్లుపై వ్రాసినవానిని విడిచి, ఆ గడువును పాటింపబోయి ప్రమాదమున చిక్కినవానినే బోనులో నిలుపుట ఎంతమాత్రమును తగదు. ఇద్దరు డ్రైవర్లనో, నడిదారిలో మనిషిని మార్చు పద్ధతినో అట్టి సరకులకు మరల నిర్బంధము చేయవలెను. పూర్వము తపాలా జవాను సంచిని మజిలీ మజిలీకి చేతులు మార్చి ఎట్లు పరుగెత్తించిరో అదియే దీనికిని మార్గము.

కడపట మన పట్టణముల సంగతి. హైదరాబాదు మొదలగు నగరములందు పగటివేళ పెద్ద లారీలు లోనికి రారాదని నిషేధములున్నవి. బడికి పోవు పిల్లల క్షేమమునుగోరి చేసిన నియమమును మేము తప్పు పట్టము. కాని ఉదయము ఆరు గంటలకు ఊరి పొలిమేర చేరిన లారీ రాత్రి వరకు ఎచ్చట నుండవలెనో ఆ ఉత్తరువులో వ్రాయబడియున్నదా? అతడు తెచ్చినది మన సరకు. నిలువుమన్నది మన పురపాలకసంఘము. నిలుచుటకు చెట్టునీడ కూడ చూపనిది మనమే. మరుగుదొడ్డి లేక అతడు పొదల చాటునకు పోగా, ముక్కు మూసికొని అసహ్యించుకొనువారమును మనమే. దేశమునందలి లారీలకు మరమ్మతులు చేసి పేరొందిన ఆటోనగరు గల విజయవాడయు, మిరపయార్డు గల గుంటూరును ఈ విషయమున ముందడుగు వేయుట న్యాయము. ఊరికి వచ్చు ప్రతి మార్గము మొగదలను నాలుగైదెకరముల నేల, ప్రహరీ, దీపములు, పది మరుగుదొడ్లు, ఒక చావడి, అందు పగటినిద్రకు ఇరువది మంచములు. ఇది పురపాలకసంఘములకు మోయరాని భారము కాదు. వర్తకసంఘముల వారు యార్డులో ఎక్కించు బస్తాకు పైసల లెక్కను చందా వేసికొన్నను సగము ఖర్చు గిట్టును.

పురపాలకసంఘములు రాబోవు సంవత్సరపు ఆదాయవ్యయ పట్టికలను మార్చిలోపల ఆమోదింపవలసియున్నవి. పగటి నిషేధపు ఉత్తరువు అమలులోనున్న ప్రతి పట్టణమునందును, లారీ విడిదికి ఎంత ధనము కేటాయించిరో తమ వార్డు సభ్యుని పిలిచి అడుగవలసినదిగా పాఠకులను కోరుచున్నాము. వారిచ్చిన జవాబులను మాకు వ్రాసి పంపినచో ఈ పుటలయందే ప్రకటింతుము.